మోకాళ్ల గుంటలు

శనివారం మధ్యాహ్నం అయిందంటే దీనమ్మ టీచరు కొంగు నడుముకి బిగించేది. ఆదివారం పొయ్యి వెలిగించకూడదన్నది ఆమె పుట్టింటి నియమం, అత్తింటి నియమం కూడా. ఒంగోలు మిషన్ కాంపౌండులో పుట్టి, అక్కడి బళ్లోనే పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారానికి కావలసిన కోడికూర, పులిహోర, చారు, ఆఖరికి నంజుకునే ఉల్లిపాయ ముక్కలతో సహా శనివారమే తయారైపోవాలి. కోడలి కాన్పుకని సముద్రాలు దాటి బెంటన్‌విల్ వచ్చాక కూడా ఆ నియమం పిసరంత సడలలేదు.

"ఇక్కడ మీట తిప్పితే వెలుగుతుంది కదమ్మా, అదేం పని?" అని కొడుకు కృపాకర్ నవ్వేవాడు.

"మీట తిప్పేదీ చెయ్యేగా. దానికి సెలవొద్దా?" అనేది దీనమ్మ.

మైక్రోవేవ్ మాత్రం తప్పు కాదని తీర్పిచ్చింది, అందులో మంట కనపడదు కాబట్టి. ఆ తీర్పుకి ఆధారం ఏ బైబిలు వాక్యంలో ఉందని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ అపార్ట్‌మెంటులో పడగ్గదికి ఆనుకుని బట్టలు పెట్టుకునే క్లాజెట్ ఒకటుంది. మనిషి లోపలికి నడిచి వెళ్లేంత గది. ఒక పక్క కృపాకర్ ఆఫీసు చొక్కాలు, ఇంకో పక్క కోడలు హెప్సిబా చీరలు వేలాడుతుంటాయి. తలుపేసుకుని ఒంటరిగా ప్రార్థించాలని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లకి అంతకంటే అనువైన చోటు దొరకదు. అందుకే పెళ్లయి ఆ ఇంట్లో దిగిన వారంలోనే హెప్సిబా దాన్ని ప్రార్థన గది చేసేసింది.

ఆ గది కార్పెట్‌కి ఒక గుణం ఉంది. అక్కడ మోకరించి ఏదైనా అడిగితే, మోకాళ్ల కింద పడ్డ గుంటలు అడిగింది జరిగేదాకా లేవవు. జరిగిన రోజున ఇడ్లీపిండి పొంగినట్టు మెల్లగా పొంగి చదునైపోతాయి. ఊళ్లో ఆదివారం ఆరాధనకి కలిసే తెలుగు ఫెలోషిప్ వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఏ కొట్లో పెరుగు పుల్లగా ఉండదో తెలిసినట్టే ఇదీ తెలుసు, అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లినవాళ్లు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "సిస్టర్, మావి లేచాయేమో కాస్త చూసి చెప్తారా?" అని అడిగేవాళ్లు. హెప్సిబా చూసి చెప్పేది.

ఎదురింటి ఫణి కూడా ఒకరోజు వచ్చాడు. కుంకుమ బొట్టు పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఆంటీ, నా హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ ఎటూ తేలట్లేదు. మేము మోకరిస్తే పనికొస్తుందా?" అని అడిగాడు.

"మోకాళ్లున్నాయిగా, రా నాయనా," అంది దీనమ్మ.

అతను లేచొచ్చి టీ తాగుతుండగానే గుంటలు పూడిపోయాయి. దీనమ్మ సంతోషించింది గానీ, లోలోపల కాస్త ఉడుక్కుంది కూడా. ఇన్నేళ్లుగా పొద్దున్నే లేచి అడుగుతున్నా తన మాట ఒక్కటైనా ప్రభువు అంత చురుగ్గా విన్నాడా అని.

ఆ తర్వాత రోజులు తిరగబడ్డాయి. రావలసిన సమయానికి చాలా ముందే హెప్సిబాకి నొప్పులు మొదలయ్యాయి. కోసి తీశారు. ఆడపిల్ల. కృపాకర్ అరచేతిలో పడుకోబెడితే ఇంకా చోటు మిగిలేంత పిల్ల. పక్క ఊరి పెద్దాసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టి, ముక్కులో ఒక గొట్టం, నోట్లోంచి పొట్టలోకి ఒక గొట్టం వేశారు. ఒళ్లు ఎంత పల్చగా ఉందంటే లోపలి నరాలు కనపడేవి. హెప్సిబా పెట్టెకున్న రంధ్రంలోంచి చెయ్యి పెట్టి, ఒక వేలు పిల్ల అరికాలికి ఆనించి, విజిటింగ్ టైమంతా అలాగే ఉండిపోయేది.

డబ్బా పాలు పాపకి పడలేదు. రెండు చుక్కలు లోపలికి వెళ్తే పొట్ట ఉబ్బి, నీలంగా మెరిసేది. డాక్టరమ్మ హెప్సిబాని పక్కన కూర్చోబెట్టుకుని సూటిగానే చెప్పింది.

"ఇప్పుడు ఈ పిల్లకి మందు అంటే మీ పాలే. మా దగ్గర ఇంకో తల్లి పాలు లేవు. పొట్ట పాడైతే ఆపరేషన్ చెయ్యాలి, అంత చిన్న ఒంటికి అది తట్టుకోవడం కష్టం. మీరు బాగా తినాలి, బాగా నిద్రపోవాలి."

హెప్సిబా తలూపింది. ఇంటికొచ్చి క్లాజెట్‌లోకి వెళ్లి మోకరించింది.

మొదట్లో పాలు తీసే పంపు పెడితే కాసిని వచ్చేవి. కృపాకర్ ఆ సీసాని ఆసుపత్రికి పట్టుకెళ్లేవాడు. పాప వాటిని కక్కలేదు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. కానీ తర్వాత్తర్వాత పాలు తగ్గుతూ వచ్చాయి. పంపు అంతసేపు గుర్రుగుర్రుమన్నా సీసా అడుగు తడవడం కూడా గగనమైంది. కుట్ల నొప్పితో వంగిపోయి కూర్చుని, ఆ ఖాళీ సీసా వైపు చూస్తూ హెప్సిబా ఏడ్చేది. తన ఒళ్లు తన మాట వినడం లేదు. తన పిల్లకి తను పనికిరావడం లేదు. అంతకంటే ఘోరం ఏముంటుంది?

ఫెలోషిప్ వాళ్లు గొలుసు ప్రార్థన పెట్టారు. తలా ఒక గంట వంతు, ఎక్కడా తెగకుండా. కుదిరినవాళ్లు వచ్చి క్లాజెట్‌లోనే మోకరించారు. చొక్కాల కింద, చీరల కింద కార్పెట్ నిండా జతలు జతలుగా గుంటలు పడ్డాయి. మూలనున్న చిన్న బీరువా పక్కన, గోడవారగా, చిన్న జత ఒకటి దీనమ్మది. అది గొలుసు మొదలైన రోజునే పడింది. మధ్యలో ఉన్నది హెప్సిబాది. మిగతావి వేలు మందాన ఉంటే, హెప్సిబాది మాత్రం రోజురోజుకీ లోతై, వెడల్పై, కార్పెట్ అడుగున ఉన్న స్పాంజీని కూడా తొలుచుకుంటూ పోయింది.

"లేవట్లేదు," అనేది ఆమె కృపాకర్‌తో, వాటినే చూస్తూ. "ఫణివి టీ తాగేలోపు లేచాయి. నావి దిగిపోతున్నాయండీ. ఇంకా దిగిపోతున్నాయి."

ఆఫీసుకీ ఆసుపత్రికీ మధ్య కారు నడుపుతూ కృపాకరూ సగమైపోయాడు. గొలుసులో ఎవరైనా రాలేకపోయామని ఫోన్ చేస్తే, "ఫర్వాలేదు బ్రదర్, ఆ గంట నేను చేస్తాను," అనేసేది హెప్సిబా. అలా ఒకరి వంతూ ఇంకొకరి వంతూ కలిసి, దాదాపు గొలుసంతా ఆమె మెడకే చుట్టుకుంది. ఎక్కడైనా తెగితే పాప ఊపిరి అక్కడే ఆగిపోతుందని ఆమె నమ్మేసింది. ఈ నమ్మకం ఎవరు చెప్పగా వచ్చిందంటే, ఎవరూ చెప్పలేదు.

ఆ శనివారం దీనమ్మ వంట ముగించి, చెత్త సంచి మార్చబోయి ఆగిపోయింది. సంచి అడుగున పొద్దున తను కలిపిచ్చిన పెరుగన్నం. దాని కింద నిన్నటి మెంతికూర పప్పు. ఇంకా కింద, కాగితంలో చుట్టిన కోడిగుడ్లు. కోడలి కోసమని కలిపి, గదిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చిన కంచాల్లో తిండంతా అక్కడే ఉంది.

సంచి అక్కడే వదిలేసి క్లాజెట్ తలుపు తట్టకుండానే తీసింది.

"అమ్మాయ్, తింటున్నావా నువ్వు?"

హెప్సిబా మోకాళ్ల మీదే వెనక్కి తిరిగింది. పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి.

"ఉపవాసం ఉన్నానత్తయ్యా."

"బాలింతరాలివి! పాలివ్వాల్సిన దానివి! నీకు ఉపవాసమేందే?"

"మరి ఏమిచ్చి అడగను?" హెప్సిబా గొంతు చీలిపోయింది. "అందరూ ఏదో ఒకటి వదులుకునే అడుగుతారు కదా. నా దగ్గర ఇంకేముంది? తిండి వదిలేశాను, నిద్ర వదిలేశాను. అయినా చూడండి, ఎంత లోతు దిగిందో! ఇంకా చాలదంటున్నాడు."

దీనమ్మకి ఒళ్లు మండిపోయింది, అంతలోనే గుండె నీరైపోయింది. కింద కూర్చుని కోడలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు వదులుకుంటున్నది నీ తిండి కాదే పిచ్చిదానా, దాని తిండి. పసిగుడ్డు నోటికాడిది లాక్కొచ్చి ఆయనకి పెడుతున్నావు. అట్టాంటిది ఆయన ముట్టుకుంటాడా?"

హెప్సిబా బిక్కచచ్చిపోయి చూసింది. ఇంతవరకు ఆ సంగతి ఆమెకి అలా తట్టనే లేదు.

"రేపు ఆదివారం," అంది దీనమ్మ. "ఈ ఇంట్లో ఆదివారం పని చెయ్యకూడదు. నీకు ప్రార్థన కూడా పనైపోయింది, అదీ ఒంటి చేత్తో చేస్తున్నావు. రేపు నువ్వు మోకరించడానికి వీల్లేదు."

"ప్రార్థన మానెయ్యమని మీరంటున్నారా?"

"నేనే అంటున్నా. తిను, పడుకో. అంతే."

"నేను నిద్రపోయినప్పుడు పాపకి ఏమైనా అయితే?"

"నువ్వు మేలుకుని ఉంటే దాని ఊపిరి నువ్వు తీస్తున్నావా?" దీనమ్మ గొంతు తగ్గించింది. "ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి నా మాట కాదనలేదు నువ్వు. ఇదొక్కటీ విను తల్లీ."

ఆదివారం పొద్దున కృపాకర్ ఆసుపత్రికి వెళ్లాడు. దీనమ్మ ఫెలోషిప్‌కి వెళ్లడం మానుకుంది. ఆమె జీవితంలో ఆరాధన మానడం అంటే చిన్న విషయం కాదు. పులిహోర, కోడికూర మైక్రోవేవ్‌లో వేడిచేసి, ముద్దలు చేసి కోడలి నోట్లో పెట్టింది. ఎన్నాళ్లుగానో మూసుకుపోయిన గొంతులోంచి మొదటి ముద్ద దిగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత హెప్సిబా ఆబగా తింది. తింటూనే ఏడ్చింది.

చెయ్యి కడుక్కుని, ఒక్కసారి చూసొస్తానని క్లాజెట్‌లోకి వెళ్లింది. దీనమ్మ వెనకే వెళ్లింది, మోకరిస్తుందేమోనని.

మధ్యలో ఉన్న గుంట మోకాళ్ల గుంటలా లేదు. రెండూ కలిసిపోయి, అటూ ఇటూ సాగి, ఒక మనిషి ముడుచుకుని పడుకునేంత అయ్యింది. తల ఆనించుకోవడానికి ఒక పక్క కాస్త ఎత్తుగా కూడా ఉంది. ఇన్నాళ్లూ దాని మీద మోకరించి లోతు చూసుకుందే గానీ, దాని ఆకారం ఆమె చూసుకోలేదు.

"పడుకో," అంది దీనమ్మ.

హెప్సిబా దిగి పక్కకి తిరిగి పడుకుంది. తుంటికి తుంటి చోటు, భుజానికి భుజం చోటు అమిరాయి. కుట్లు నొప్పెట్టలేదు. ఎవరో అప్పుడే లేచి వెళ్లిన పక్కలాగా అది వెచ్చగా ఉంది. పైన చీర అంచులు ముఖానికి తగులుతున్నాయి. "అత్తయ్యా, ఫోన్ వస్తే..." అంటూనే నిద్రలోకి జారిపోయింది.

దీనమ్మ క్లాజెట్ తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆరాధన ముగించుకుని ఫెలోషిప్ పెద్ద ఏలియాజరు బ్రదర్, ఆయన భార్య నేరుగా ఇక్కడికే వచ్చారు. దీనమ్మ వాళ్లని గుమ్మంలోనే ఆపింది.

"వందనాలండీ. పిల్ల నిద్రపోతోంది. గట్టిగా ప్రార్థించొద్దు."

ఏలియాజరు బ్రదర్ ప్రార్థిస్తే పార్కింగ్ లాట్‌లో కార్లకి అలారమ్‌లు మోగుతాయని పేరు. అలాంటి మనిషి సోఫాలో కూర్చుని, పెదాలు మాత్రమే కదుపుతూ, చప్పుడు చెయ్యకుండా ప్రార్థించి వెళ్లాడు. నన్నడిగితే ఆ ఇంట్లో జరిగిన అద్భుతాల్లో దాన్నీ కలుపుకోవాలి.

హెప్సిబా లేచేసరికి ఎండ వాలిపోయింది. జాకెట్టంతా తడి. పైకప్పు కారిందేమో అనుకుంది ముందు. తర్వాత అవి పాలని తెలిసి గావుకేక పెట్టింది. దీనమ్మ పంపు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఒక సీసా నిండింది. రెండోదీ సగం దాటింది. అత్తాకోడళ్లిద్దరూ ఆ సీసాల వైపు చూస్తూ నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు.

కృపాకర్ వచ్చి పాలు తీసుకెళ్లాడు. కారు వెనక సీట్లో, పాప కోసమని ఎప్పుడో బిగించిన చిన్న సీటు ఇన్నాళ్లూ ఖాళీగానే తిరిగింది. అతను ఐసు సంచిలో పెట్టిన సీసాల్ని ఆ సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. దారంతా అద్దంలో వెనక్కి చూసుకుంటూ మెల్లగా నడిపాడు. కాసేపటికి ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు.

"ఇచ్చారు. కక్కలేదు హెప్సీ. పొట్ట మెత్తగా ఉందంట." అవతలి నుంచి ఎక్కిళ్లు వినిపించాయి.

హెప్సిబా క్లాజెట్‌కి పరుగెత్తింది. తన గుంట ఇంకా ఉంది. కానీ అడుగు కాస్త పైకొచ్చింది, ఒక వేలు మందం. ఫెలోషిప్ వాళ్ల గుంటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. బీరువా పక్కన, గోడవారగా మాత్రం కార్పెట్ నున్నగా ఉంది. అక్కడ ఎవరూ ఎన్నడూ మోకరించనట్టే ఉంది.

"అత్తయ్యా! మీవి లేచాయి! పూర్తిగా లేచిపోయాయి! అంటే పాపకి ఇంక..."

"తొందరపడకు. పాప సంగతి ఇంకా నడుస్తోంది, నీది చూశావుగా," అంది దీనమ్మ. "నావి నువ్వు పడుకోగానే లేచాయి."

హెప్సిబాకి అర్థం కాలేదు. "మీరు అడిగింది పాప కోసం కాదా?"

"పాప కోసం ఊరంతా అడుగుతోందిగా. నీ కోసం ఎవరున్నారా అని చూశా. ఎవరూ కనపడలేదు. సరే, నేనున్నాగా అనుకున్నా." దీనమ్మ వేలాడుతున్న చీర కొంగు ఒకటి సరిచేసింది. "నీకు నిద్ర ఇమ్మని అడిగా."

హెప్సిబా అక్కడికక్కడే మోకాళ్లు వంచబోయింది. దీనమ్మ భుజం పట్టుకుని ఆపింది.

"రేపు," అంది. "ఇంకా ఆదివారమే."