ఇవాళ డెలివరీలు లేవు

"మీరే! మా పిన్ని ముక్కు దగ్గర గాలి లాగేసింది మీరే! ఏసీ గదిలో కూర్చుని, కాఫీ తాగుతూ, చేతికి మట్టంటకుండా!"

మీటింగు గదిలో అరుస్తున్నది పేచీ. ప్రతిదానికీ పేచీ పెడుతుందని ఆఫీసు ఆమెకి తగిలించిన పేరది. తిట్లు తింటున్నది టీమ్ లీడు. ఆయన్ని చాటుగా పచ్చలైటు అంటారు. యాప్ బాగోగులు చూపించే గోడమీది తెరలో ఎరుపు కనిపిస్తే ఆయనకి పైనుంచి చీవాట్లు, పచ్చగా ఉంటే ప్రమోషన్లు.

జరిగింది ఇదీ. ఇళ్లకి ఆక్సిజన్ సిలిండర్లు పంపే కంపెనీకి వీళ్లు యాప్ చేసిపెట్టారు. డ్రైవర్ ఫోను పొద్దున్నే సర్వర్‌ని అడుగుతుంది, ఇవాళ ఎవరెవరింటికి పోవాలని. ఆ అడిగే కోడ్ ఎవరూ చేత్తో రాయరు. సర్వర్‌ని ఏమడిగితే ఏం చెప్తుందో ఆ సర్వీసు వివరమంతా ఒక టూల్ నోట్లో పోస్తే అదే కక్కుతుంది, అచ్చులోంచి ఇటుకలు తీసినట్టు. ఆ అచ్చే టెంప్లేట్. అందులో వేలు పెట్టాడు పచ్చలైటు. సర్వర్ "నా వల్ల కాదు, తర్వాత రా" అన్నా, అసలు పలకకపోయినా, ఆ ఎర్రర్‌ని గుటుక్కున మింగేసి ఖాళీ లిస్టు చేతిలో పెట్టమన్నాడు. ఇంకేం, ఫోను ముద్దుముద్దుగా చెప్తుంది: ఇవాళ డెలివరీలు లేవు.

పేచీకి ఇది తెలియక కాదు. అచ్చు మార్చాలంటే పచ్చలైటు ఒప్పుకోవాలి, ఆయనేమో "చూద్దాంలేమ్మా" బాపతు. దాంతో టూల్ కక్కిన ఫైలునే దిద్దుతూ వచ్చింది. చేత్తో ముట్టుకోవద్దని ఆ ఫైలు నెత్తిమీదే రాసుంది. సర్వీసులో ఏ చిన్న మార్పొచ్చినా టూల్ మళ్లీ కక్కేది, ఆమె దిద్దిందంతా ఊడ్చుకుపోయేది. నిన్న మళ్లీ కక్కింది. ఇవాళ సర్వర్ మొరాయించింది.

పిన్ని ఫోన్ చేసింది. "అమ్మడూ, సిలిండరబ్బాయి రాలేదే. సిలిండర్ మీటరు ముల్లు ఎరుపులోకొచ్చింది. వాడికి నామీద కోపమా?"

"నీమీద కోపమెవరికి పిన్నీ! మాట్లాడకు, ఊపిరి దాచుకో."

సిలిండర్ కంపెనీ గుమాస్తా ప్రాణం తోడి డ్రైవర్ నంబరు లాగింది పేచీ. "ఎక్కడున్నావన్నా?"

"సినిమా హాల్లోనమ్మా. ఫోనే సెలవిచ్చింది కదా!"

"సెలవా, నీ బొంద! మా పిన్నికి సిలిండర్ అయిపోతోంది."

అవతల కుర్చీ ధడాలుమంది. "అయ్యో, అదేం మాటమ్మా! వస్తున్నా."

అతను చేరాడు. పిన్ని ఊపిరి నిలబడింది. ఆ కబురు చెవిన పడ్డాకే పేచీ ఈ గది తలుపు తన్నింది.

పచ్చలైటు గొంతు సవరించుకున్నాడు. "పిన్నిగారు క్షేమమే కదమ్మా. ఇంకా రచ్చెందుకు? ఎర్రర్ చూపిస్తే డ్రైవర్లు కంగారు పడతారు..."

"పడనివ్వండి! కంగారు పడ్డవాడు ఫోన్ చేసి కనుక్కుంటాడు. పడనివాడు కాలుమీద కాలేసుకుని కూర్చుంటాడు! మా పిన్నికి నేనున్నాను సార్. మీ ఆఫీసులో గొంతు చించుకునే కూతురు లేనివాళ్ల సంగతేంటి? వాళ్లింకా గుమ్మంవైపు చూస్తున్నారు!"

గోడమీది తెర ఏ పాపం ఎరగనట్టు పచ్చగా మెరుస్తోంది. పచ్చలైటు దానివైపు చూడబోయి, ఎందుకో తల దించుకున్నాడు.

"ముందు ప్రతి డ్రైవర్‌కీ ఫోన్ చెయ్యండి, మీరే, మీ నోటితో. యాప్ అబద్ధమాడిందని చెప్పండి. ఆ తర్వాత టెంప్లేట్ తెరవండి. సర్వర్ పలకకపోతే కోడ్ మళ్లీ అడగాలి. అప్పటికీ పలకకపోతే డ్రైవర్ మొహమ్మీదే చెప్పాలి, లిస్టు రాలేదు, సిలిండర్ కంపెనీకి ఫోన్ చెయ్ అని. పని లేదన్న మాట సర్వర్ చెప్తేనే చెప్పాలి, సొంతంగా కల్పించకూడదు. నేను ఇక్కడే నిలబడతాను. ఫోనెత్తండి!"