గరిటమ్మ తువ్వాలు

ఆ సంఘంలో పాట ఎవరు పాడినా, ప్రార్థన ఎవరు చేసినా, చివరికి అన్నం పెట్టేది మాత్రం గరిటమ్మే. కన్నవాళ్లు పెట్టిన పేరు ఆమెకూ ఒకటుంది గానీ, దాన్ని తలుచుకునేవాళ్లు లేరు. చేతిలో గరిట లేకుండా ఆమెను చూసినవాళ్లూ లేరు. ఆరాధన ముగియగానే చర్చి వెనక వంటింట్లోంచి కేక వినిపిస్తుంది. "వరసలో రండర్రా, కూర ఎక్కడికీ పారిపోదు!" సాయం చేస్తామని ఎవరైనా ఆ గుమ్మం తొక్కారో, అయిపోయారే! "నీకు చేతకాదులే, పోయి కూర్చో" అని తరిమేస్తుంది. అందరూ తిని వెళ్లాక ఖాళీ గిన్నెల మధ్య నిలబడే నాలుగు ముద్దలు మింగి, ఆ గిన్నెలూ తనే తోముకుంటుంది. ఎంత తగ్గింపు మనసో అని కొత్తగా వచ్చినవాళ్లు ముచ్చటపడతారు. పాతవాళ్లు తలూపి ఊరుకుంటారు.

ప్రభువు సిలువకు వెళ్లే ముందు నడుముకు తువ్వాలు చుట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు కదా, ఆ సాయంత్రాన్ని తలుచుకుని ఏడాదికోసారి అక్కడ ఒకరి కాళ్లు ఒకరు కడుగుతారు. ఆ రోజు కాళ్లు కడిగించుకోవాలని ఇంటి దగ్గరే సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కొచ్చే మహానుభావులే అందరూ. సరే, మనుషులన్నాక అంతే. కానీ ఆ సంఘానిదే అయిన పద్ధతి ఒకటుంది. మనిషికో తెల్ల తువ్వాలు బల్ల మీద పెడతారు. కాళ్లు కడిగించుకున్నవాళ్ల తువ్వాలు గోడవారన కట్టిన తాడెక్కుతుంది. బల్ల మీద ఒక్క తువ్వాలు మిగిలినా ఎవరూ భోజనానికి లేవకూడదు.

ఇంకొకరి కాళ్లు కడగడంలో గరిటమ్మను మించినవాళ్లు లేరు. అడుగంటిన గిన్నె తోమినట్టు తోముతుంది. ఆమె చేతికి చిక్కితే పాస్టరుగారు సైతం పళ్లు బిగించుకుని కూర్చుంటారు. అయితే ఆమె కాళ్లు ఎవరైనా కడిగారా అంటే, ఆ మాట అడగడానికి ఎవరికి గుండెలున్నాయి? శిష్యుల్లో ఒకాయన, నువ్వు నా కాళ్లు కడగడమేమిటి ప్రభువా, వీల్లేదు పొమ్మని భీష్మించుకున్నాడట. పాస్టరుగారు చదువుతుంటే గరిటమ్మ ప్రతి ఏడూ సరిగ్గా అక్కడిదాకా వినేది. బాగా అన్నాడు అనుకునేది. ప్రభువు దానికేం జవాబు చెప్పాడో వినకుండానే, పొయ్యి చూసి రావాలని లేచిపోయేది. తెలియక కాదు, వినబుద్ధి కాక. ఆ తర్వాత ఎప్పుడో తన తువ్వాలు చంకలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లి, కుళాయి కింద తడిపి, పిండి, తాడు మీద ఆరేసేది. అన్నేళ్లూ అలాగే జరిగిపోయింది.

ఈ ఏడు మాత్రం ఆమె గుండెలో రాయి పడింది.

కూరగాయల పెట్టె నుంచి ఊడిన మేకొకటి వంటింటి నేల మీద పడి, చెప్పు అడుగులోంచి ఆమె ఎడమ పాదంలోకి దిగింది. దిగిన సంగతే ఆమెకు తెలియలేదు. నేల మీద ఎర్రగా కనిపిస్తే టమాటా నలిగిందనుకుని గుడ్డ పెట్టి తుడిచేసింది. ఇంటికెళ్లి చెప్పు విడుద్దామంటే అది కాలికి అంటుకుపోయి ఉంది. చూస్తే మేకు. మేకును చూసి కాదు, నొప్పి లేనందుకు ఆమె ఒళ్లు చల్లబడింది. మొగుడిదీ ఇదే కథ. షుగరు. ముందు స్పర్శ పోయింది, తర్వాత పుండు, ఆ తర్వాత మోకాలి కిందికి కాలు పోయింది, చివరికి మనిషే పోయాడు. ఆ పుండు రోజూ కడిగి కట్టు కట్టింది తనే. తెలియని రోగమా?

తెలిసే దాచింది. పుండులో దూది కుక్కి, మేజోళ్లు తొడిగి, "నేల చల్లగా ఉంటోందర్రా" అని అబద్ధమాడింది. ఆస్పత్రికి వెళ్తే మంచం ఎక్కిస్తారు. మంచం ఎక్కితే గరిట ఇంకొకరి చేతికి పోతుంది. గరిట పోయాక తనెవరు? అన్నం కోసం ఎదురుచూస్తూ మూలన కూర్చునే ఒక ముసలిది. ఆ ఊహే ఆమెకు చావుకన్నా ఎక్కువ. ఈ కాళ్లు కడిగే రోజు విందు ఒక్కటీ గడిచిపోనీ, తర్వాత చూసుకుందాం అనుకుంది. అనుకుందంటే అంతే. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ సాయంత్రం తువ్వాళ్లు చూసుకునే పని కోడలిది. కోడలు చెప్పుల షాపులో పనిచేస్తుంది. చిన్న ముక్కాలిపీట వేసుకుని, వచ్చినవాళ్ల పాదాలు కొలిచి, చెప్పులు తొడిగి చూపిస్తుంది. "పగలంతా ఊళ్లోవాళ్ల కాళ్లు పట్టుకునే ఉద్యోగం, ఇంటికొచ్చి నాకు గిన్నెలు తోమిపెడుతుందట!" అని అత్తగారు ఎన్నిసార్లు ఎద్దేవా చేసిందో లెక్కలేదు. కోడలు నవ్వి ఊరుకునేది. అందుకే ఆమె ఒట్టి మెతకదని గరిటమ్మ తీర్మానించేసుకుంది.

కాళ్లు కడగడాలు అయిపోవచ్చాయి. గరిటమ్మ నలుగురి కాళ్లు తోమి, ఎప్పట్లాగే కూర అడుగంటుతోందని వంటింట్లోకి వచ్చింది. తువ్వాలు తడిపింది, పిండింది, వెళ్లి తాడు మీద వేసింది, తిరిగొచ్చి గరిట అందుకుంది. హాల్లో జనం కుర్చీలు వెనక్కి జరుపుతున్నారు. హమ్మయ్య, గండం గడిచింది అనుకుంది.

అంతలో కోడలు లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టింది. ఒక చేతిలో బేసిను, ఇంకో చేతిలో ఆ తువ్వాలు.

"ఇది మీదే కదా అత్తయ్యా."

"నాదే. తడిసింది కదా? ఆరేసిందాన్ని మళ్లీ ఎందుకు తీశావే?"

"కాళ్లు తుడిచిన తువ్వాలు మధ్యలో తడుస్తుంది, అంచులు పొడిగానే ఉంటాయి. ఇది ఈ కొస నుంచి ఆ కొసదాకా తడిసి ముద్దయింది. పోయినేడూ ఇంతే. అప్పుడే చూశాను."

"ఓహో! పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చింది నీకు?" గరిటమ్మ గొంతు పెంచింది. "తలుపు తియ్. అవతల జనం ఆకలితో ఉన్నారు."

"ఉండనివ్వండి. తువ్వాలు మిగిలితే ఆగాల్సిందే. పిల్లలు అన్నానికి తొందరపడితే ఈ పద్ధతి చెప్పి కూర్చోబెట్టేది మీరే కదా." కోడలు మూలనున్న ముక్కాలిపీటను అత్తగారి ముందుకు జరిపి, తను కింద మోకాళ్లూనింది. "కూర్చోండి."

"అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నారు. నేనే అడుసూ తొక్కలేదు, నాకు కడగక్కర్లేదు. లే!"

"లేవను."

హాల్లో పాస్టరుగారికి ఏం అర్థమైందో ఏమో, ఒక పాట ఎత్తుకున్నారు. జనం అందుకున్నారు. గట్టిగానే పాడారు, భోజనం వేళ కదా.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నా కాలు, నా ఇష్టం!"

"మీ మేజోళ్లు నిన్న నేనే ఉతికాను అత్తయ్యా."

గరిటమ్మ ఎడమ కాలు వెనక్కి లాక్కుంది.

"ఎడమ చెప్పు ఒక పక్కే అరుగుతోందని వారం కిందటే చూశాను. మేజోడు చూశాక ఎందుకో తెలిసింది. మీ అబ్బాయికి చెప్పలేదు. చెబితే ఉన్నపళాన ఎత్తుకుపోతాడు, మీరు జన్మలో క్షమించరు. మీ అంతట మీరే కాలు చాపుతారేమోనని ఆగాను. తప్పు చేశాను. ఇక ఆగను."

"నేను ఒకరికి చేసేదాన్నే గానీ, ఒకరిచేత చేయించుకునేదాన్ని కాదు. పుట్టిన దగ్గర్నుంచీ అంతే. ఇది దేవుడి సేవ."

"అందరి కాళ్లూ మీరు కడుగుతారు. మీ కాలు ఎవరికీ ఇవ్వరు. అందరికీ మీరు పెడతారు. మీకు ఎవర్నీ పెట్టనివ్వరు. అది సేవా, పెత్తనమా అత్తయ్యా?"

గరిటమ్మ చేతిలోని గరిట పైకి లేచింది. దాంతో ఏం చేయబోయిందో ఆమెకే తెలియదు. కోడలు తల కూడా పక్కకు తిప్పలేదు. హాల్లో మొదటి పాట అయిపోయి రెండోది మొదలైంది. ఈసారి గొంతులు కాస్త నీరసంగా ఉన్నాయి.

"మామయ్యగారి కాలు మీరు రోజూ కడిగేవాళ్లట. మీ అబ్బాయి చెప్పాడు," అంది కోడలు మెల్లగా. "ఆయన చాపేవారు కదా, మీకు."

చాపేవాడు. మొదటి రోజు దుప్పటి గట్టిగా పట్టుకుని, గోడ వైపు తిరిగి ఏడ్చాడు ఆ మనిషి. జీవితంలో కంట తడి పెట్టనివాడు. నొప్పేమో అనుకుని తను ఇంకాస్త మెల్లగా తుడిచింది. నొప్పెక్కడిది? ఆ కాలికి స్పర్శే లేదుగా! ఆయన సిగ్గుతో ఏడ్చాడు. అంత సిగ్గునూ మింగి, మర్నాడు మళ్లీ తన ఒళ్లో పెట్టాడు ఆ కాలు. తను కడిగినందుకు ఊరంతా తనను పొగిడింది. చాపినందుకు ఆయన్ను ఎవరు మెచ్చుకున్నారు? తను మెచ్చుకుందా? ఇన్నేళ్లకు, పొయ్యి పక్కన నిలబడి, గరిటమ్మకు ఆ సంగతి తెలిసొచ్చింది.

గరిట గట్టు మీద పెట్టింది. ముక్కాలిపీట మీద కూర్చుంది. ఎడమ కాలు చాపింది.

మేజోడు తీయగానే వాసన వచ్చింది. సిగ్గుతో గరిటమ్మ కళ్లు మూసుకుంది. కోడలు ముక్కు చిట్లించలేదు, అయ్యో అని కూడా అనలేదు. షాపులో పట్టుకున్నట్టే మడమ కింద అరచెయ్యి ఆనించి, కాచి చల్లార్చిన నీళ్లు కొద్దికొద్దిగా పోసింది.

"నీళ్లు వేడిగా ఉన్నాయా అత్తయ్యా?"

బాగానే ఉన్నాయని అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలియడం లేదే," అంది. మరుక్షణం కోడలి భుజం పట్టుకుంది. "ఏమీ తెలియడం లేదే అమ్మాయ్. భయమేస్తోంది. ఆయనకు కూడా ఇలాగే..."

"భయమేస్తుంది మరి. నాకూ వేస్తోంది," అంది కోడలు. పొడి తువ్వాలు తీసి పాదం తడి అద్ది, శుభ్రమైన గుడ్డతో కట్టు కట్టింది. "ఇప్పుడే ఆస్పత్రికి వెళ్తున్నాం. విందు అయ్యాక కాదు, ఇప్పుడే."

"వాళ్లకు అన్నం పెట్టి..."

"వాళ్లకు చేతులున్నాయి."

గడియ తీసేసరికి గుమ్మంలో పాస్టరుగారు నిలబడి ఉన్నారు. వెనక నుంచి తల్లి కాలి కట్టు చూసి కొడుకు పరుగెత్తుకొచ్చాడు. వ్యాను తిప్పుకుని రావడానికి కాస్త సేపు పడుతుందన్నారు. ఖాళీ కడుపుతో పంపితే షుగరు పడిపోతుందని కోడలు ఆమెను హాల్లోకి నడిపించి, ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ హాల్లో గరిటమ్మ భోజనానికి కూర్చోవడం అదే మొదలు. పాస్టరుగారు గరిట పట్టుకున్నారు. పట్టడం కూడా సరిగ్గా రాదు ఆయనకు. కూర సగం కంచంలో, సగం బల్ల మీద పోశారు. గరిటమ్మ నోటిదాకా వచ్చిన తిట్టు మింగి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

ముఖం చిట్లించింది. ఇంకో ముద్ద పెట్టుకుంది.

"ఉప్పేదర్రా దీన్లో?"

ఒకావిడ తలవంచుకుంది. మొగుడి జబ్బు రోజుల్లో తగ్గించిన ఉప్పు, ఆయన పోయాక కూడా గరిటమ్మ చేతికి మళ్లీ రాలేదు. గిన్నెలు తోమే హడావుడిలో మింగే నాలుగు ముద్దలకు రుచేం తెలుస్తుంది? పాస్టరుగారు మొహమాటపడుతూ జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి ఆమె కంచం పక్కన పెట్టారు. ఉప్పు. అటు చూస్తే ఆ పక్కాయన జేబులో ఒక పొట్లం, ఆవిడ కొంగు ముడిలో ఒక పొట్లం. ఇంటింటికీ ఒక పొట్లం!

"ఇన్నేళ్లూ ఒక్కళ్లూ చెప్పలేదేమర్రా!"

"మీరు కూర్చుంటేగా అమ్మా, చెప్పడానికి," అన్నారు పాస్టరుగారు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు హాలంతా పాకింది. గరిటమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆ పొట్లం విప్పి, పాస్టరుగారి ఉప్పు కలుపుకుని, కంచం ఖాళీ చేసి మరీ వ్యాను ఎక్కింది. ఎక్కడం అంటే ఏముంది, కొడుకూ ఇంకో ఇద్దరూ కుర్చీతో సహా ఎత్తి ఎక్కించారు. నీళ్ల బకెట్టు సైతం ఒకరిచేత మోయించని మనిషి, నోరెత్తకుండా కూర్చుంది.

ఒక వేలు పోయింది. కాలు దక్కింది. ఇంకొన్నాళ్లు దాచి ఉంటే కాలు కూడా పోయేదని డాక్టరు చీవాట్లు పెట్టాడు. పడాల్సిన చీవాట్లే.

మరుసటి ఏడు అదే సాయంత్రం పాస్టరుగారు చదవడం మొదలుపెట్టారు. ఆ మొండి శిష్యుడి దగ్గరికి వచ్చి, అలవాటు కొద్దీ ఆగి, గరిటమ్మ వైపు చూశారు. వంటింట్లో గరిట వేరేవాళ్ల చేతిలో ఉంది. కూర మాడుతున్న వాసన కూడా వస్తోంది. ఆమె చేతులు కుర్చీ అంచును పట్టుకున్నాయి. లేవలేదు. "ఆగారేం? కానివ్వండి," అంది. నేను నిన్ను కడగకపోతే నాతో నీకు భాగం లేదని ప్రభువు ఆ మొండివాడికి చెప్పిన జవాబు చివరిదాకా విన్నది.

కోడలు బేసిను తెచ్చి ముందు మోకరించింది. గరిటమ్మ కాలు చాపింది. నీళ్లు పడుతున్నాయి. చల్లనా, వెచ్చనా? ఆ కాలికి ఇక ఎప్పటికీ తెలియదు.

"నీళ్లు ఎలా ఉన్నాయే?" అని అడిగింది.

"గోరువెచ్చగా ఉన్నాయి అత్తయ్యా."

"నువ్వు చెబితే సరే. కడుగు."