కుర్చీలో ఎవరూ లేరు

"నేను కూర్చుంటే రాని రోగం నువ్వు కూర్చుంటేనే ఎందుకొస్తుంది?" అన్నారు మా ఆయన, మానిటర్ ముందు నుంచి లేస్తూ.

అది ప్రశ్న కాదు, తీర్పు. ఆయన ఏ ప్రశ్నకూ జవాబు కోసం ఆగరు.

కొత్త మానిటర్ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఇదే తంతు. నేను పని మొదలుపెట్టిన కాసేపటికి తెర మసకబారుతుంది, తర్వాత చీకటి. మౌస్ కదిపినా ఉలకదు, పలకదు. ఆయన్ని పిలవడానికి లేస్తానో లేదో, ఏమీ ఎరగనట్టు వెలుగుతుంది. ఆయన వచ్చి తన చక్రాల ఆఫీసు కుర్చీ లాక్కుని కూర్చుంటే ఇక ఆరదు. ఆ కుర్చీ ఎత్తు నేను మార్చకూడదు. "లివర్ ముట్టుకోకు, నా నడుముకి సెట్ చేసుకున్నాను" అన్నారు. ఆయన నడుముకి లోకమంతా సెట్ అయింది కాబట్టి, నేను భోజనాల బల్ల దగ్గరి పొట్టి చెక్క కుర్చీ తెచ్చుకుని ఇళ్ల ప్లాన్లు గీస్తుంటాను.

చుట్టాలంతా ఆయన్ని కంప్యూటర్ బావ అంటారు. ఒకప్పుడు ఎవరిదో ప్రింటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే పనిచేసిందట. ఆ ఒక్క విజయం మీద ఇన్నేళ్లూ బతికేస్తున్నారు. ఆయన వైద్యమంతా ఒకటే ముక్క, "నువ్వేం నొక్కావు?" అత్తయ్యది ఇంకో ముక్క. "తడి చేతులతో ముట్టుకుంటావు అమ్మాయ్, కరెంటు వస్తువు ఊరుకుంటుందా?" ఆ తడి ఎవరి పళ్లేలు కడిగితే అంటిందో ఆవిడ అడగరు. చివరికి మెకానిక్ వచ్చాడు. అతనూ మా ఆయన చక్రాల కుర్చీలోనే కూర్చున్నాడు. తెర దీపంలా వెలిగింది. నేనిచ్చిన టీ తాగి కప్పు నా చేతికిస్తూ, నా తల మీదుగా ఆయనతో, "మేడంగారికి కొత్త కదా సార్, అలవాటైపోతుంది" అన్నాడు. పెళ్లికి ముందు నుంచీ కంప్యూటర్ మీద గీతలు గీస్తున్న నేను, ఖాళీ కప్పు పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరూ నవ్వుకున్నారు. మగవాళ్ల స్నేహానికి ఆ మాత్రం చాలు.

ఈ మధ్యాహ్నం, నేను ప్లాన్లు గీసిచ్చే కంపెనీ ఇంజనీరుగారు ఆఫీసు నుంచి ఆన్‌లైన్‌లో నా తెర చూస్తూ ఉండగా నేను ప్లాన్ గీయాలి. నచ్చితే డ్రాయింగు విభాగమంతా నా చేతికి, పర్మనెంటు ఉద్యోగం. తెర ఆరితే అంతే సంగతులు. ఇది తెలిసి మా ఆయన బూట్లు తొడుక్కుంటూ దయ చూపించారు. "మధ్యలో ఆగిపోయి నలుగురిలో పరువు తీసుకోవడం ఎందుకు? భోజనాల వేళకి బాగవకపోతే నేనే ఆయనకి ఫోన్ చేసి, ఇంట్లో వీలుకావట్లేదని చెప్పేస్తాలే."

తలుపు వేసుకుని పనిలో దిగాను.

గోడ ప్లగ్గు మార్చాను. ఆరింది. పాత మానిటర్ కేబుల్ తగిలించాను. ఆరింది. కంప్యూటర్‌లో రేడియో పాట పెట్టి చూశాను. తెర ఆరినా పాట ఆగలేదు, అంటే కంప్యూటర్‌ది తప్పు కాదు. మానిటర్ మూలన చిన్న లైటు మాత్రం తెలుపు నుంచి ఎర్రబడి వెలుగుతూనే ఉంది. అంటే కరెంటూ పోవట్లేదు. ఇది చావడం కాదు, కావాలని నిద్రపోవడం. ఎవరు పడుకోమన్నారు?

లేచి నిలబడ్డాను. వెలిగింది.

కూర్చున్నాను. కాసేపటికి మసక, చీకటి. లేచాను. వెలుగు. మళ్లీ కూర్చున్నాను.

"ఏమిటమ్మాయ్, పట్టపగలు గుంజీళ్లు తీస్తున్నావు?" తలుపు తోసుకొచ్చిన అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయారు.

జవాబు చెప్పకుండా ఆయన చక్రాల కుర్చీ ఎక్కాను. కాళ్లు నేలకందలేదు, కానీ తెర ఆరలేదు. మానిటర్ అడుగున పప్పుబద్దంత నల్లటి కన్ను ఉంది. దాన్నిప్పుడు చూశాను. మానిటర్‌తో వచ్చిన, సీలు కూడా తీయని పుస్తకం అట్టపెట్టెలో దొరికింది. పుస్తకాలు చదవడం చేతకానివాళ్ల పని అని ఆయన నమ్మకం. ఎదురుగా మనిషి ఉన్నాడో లేడో చూసి, లేకపోతే తెర ఆర్పేసే కన్నట అది. మొదటిరోజే ఆయన ఆ సెట్టింగు ఆన్ చేసి, మానిటర్‌ని తన మొహానికి సరిపోయేలా పైకి వంచి బిగించారు. కన్ను నా తల మీదుగా గోడని చూస్తోంది. నేను ఆ చెక్క కుర్చీలో కూర్చుని గీస్తున్నంతసేపూ దాని లెక్కలో అక్కడ ఎవరూ లేరు. దాన్ననడానికేముంది, యజమాని చూపే దానికీ అబ్బింది.

సెట్టింగు తీసేశాను. మానిటర్‌ని నా మొహానికి వంచాను.

ఫోన్ మోగింది. "బాగవలేదు కదా? ఆయనకి చేసేస్తున్నా" అన్నారు, హుషారుగా.

"బాగైంది."

"చూశావా! పొద్దున నేను వైరు గట్టిగా నొక్కి వచ్చాను. అదే."

ఫోన్ పెట్టేశాను. పంది ముందు ముత్యాలు చల్లే తీరిక లేదు.

మధ్యాహ్నం ఇంజనీరుగారు మెట్లు ఇంటి మధ్య నుంచి పక్కకి జరపమన్నారు. జరిపాను. పై గదికి గాలి తగ్గుతుందని ఆయన కనిపెట్టేలోపే కిటికీ పెట్టాను. తెర రెప్ప వేయలేదు. ఆయన చాలాసేపు చూసి, "ఉద్యోగం మీదే. రోజూ ఆఫీసుకొస్తే టీమంతా మీ దగ్గరే ఉంటుంది. కానీ మీకు కుదరదని, ఇంటి నుంచే చేస్తారని మీవారు ముందే చెప్పారు కదా" అన్నారు.

ముందే. ఎప్పుడు చెప్పారో, ఎందుకు చెప్పారో అడగబుద్ధి కాలేదు. బురద ఎంత లోతో తెలుసుకోవడానికి దిగాలా?

"ఆఫీసుకే వస్తాను. సోమవారం నుంచి."

"ఇంట్లో ఓసారి అడిగి చెప్పండి, తొందరేం లేదు."

"అడగడమెందుకండీ? సాయంత్రం మావారు రాగానే ఆయనకి చెప్తాను."

గుమ్మంలో అత్తయ్య మళ్లీ వచ్చి నిలబడ్డారు. "వాడికేం చెప్తావు అమ్మాయ్?"

"సోమవారం పొద్దున ఆయన లేచేసరికి నేను బయల్దేరి ఉంటానని."