మగముడి

నేను ఒక లుంగీని. కాకినాడలో ఒక బట్టల కొట్టు బీరువాలో, పంచెల మధ్య, తువ్వాళ్ళ మధ్య పెరిగాను కాబట్టి నేనూ మగవాణ్ణే అనుకున్నాను. ఏ పెద్దాయనో నడుముకి చుట్టుకుని అరుగు మీద చుట్ట కాల్చుకుంటాడు, నా బతుకు అలా వెళ్ళిపోతుందని నా ఊహ. తీరా నన్ను కొన్నది సీతారత్నం.

ఆవిడ నాటకాలకి దుస్తులు కుడుతుంది. ఏ దేశం కథైనా సరే, లైబ్రరీకి వెళ్ళి, బొమ్మలు చూసి, నోటుబుక్కులో గీసుకుంటే గాని కత్తెర పట్టదు. ఈసారి కథ రంగూన్‌లో. యుద్ధం రోజుల్లో ఒక తెలుగు కుటుంబం ఓడెక్కుతుంటే, పక్కింటి బర్మా పిల్ల రేవులో నిలబడి సాగనంపుతుంది. ఆ పిల్ల కట్టుకునేది నన్నే.

"రంగూన్ నించి వచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో బోలెడుమంది. ఆ సీనులో ఒక్కళ్ళు నవ్వినా నాటకం మునిగినట్టే" అని సీతారత్నానికి ఒకటే బెంగ. తను గీసుకున్న బొమ్మ చూసుకుంటూ, వేషం వేసే ప్రమీల నడుముకి నన్ను చుట్టి, బొడ్డు దగ్గర ఇంత ముడి వేసింది.

రిహార్సల్‌కి మాణిక్యమ్మగారిని పిలిచింది. ఎనిమిదో ఏట రంగూన్ వదిలి వచ్చిన ముసలావిడ. కళ్ళజోడు సర్దుకుని ఇలా చూసిందో లేదో, పకపకా నవ్వింది.

సీతారత్నం నోటుబుక్కు పట్టుకుని పరుగున వచ్చింది. "ఏంటండీ పిన్నిగారూ?"

"మీసాలు కూడా అంటించకపోయావా? అది మగముడే అమ్మాయ్! ఆడవాళ్ళు ముడెయ్యరు, పక్కకి మడిచి దోపుకుంటారు. పైన నల్లపట్టీ ఏదీ? ఆడవాళ్ళ లుంగీని థమేన్ అంటారు."

"పుస్తకంలో ఫోటో చూసే గీశానండీ" అని తన బొమ్మ చూపించింది.

"మరి తలకాయ ఏదే?"

"నడుం దాకానే గీశాను."

"మనిషిని వదిలేసి నడుం చూస్తే ఇంతే మరి!"

కత్తెర బయటికొచ్చింది. నా పని అయిపోయిందనుకున్నాను. మగ్గం మీంచి నన్ను కోసి విడదీసిన రోజు ఎలా మరిచిపోతాను? కానీ ఆ కత్తెర కోసింది ఒక పాత గొడుగు గుడ్డని. ఆ నల్లగుడ్డని తెచ్చి నా అంచుకి కుట్టారు. ఒకటి పోకుండా ఇంకొకటి వచ్చి చేరడం నా బతుకులో అదే మొదలు.

మాణిక్యమ్మ తనే కట్టింది. దోపు దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"ఓడెక్కే రోజు పక్కింటి ఖిన్‌ని ఇక్కడే పట్టుకు వేళ్ళాడాను. మా అమ్మ నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది."

ప్రదర్శన రోజు సీతారత్నం తెర పక్కన ఊపిరి బిగబట్టి నిలబడింది. రేవు సీను వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో గుప్పెడు బిగించుకు కూర్చున్న మాణిక్యమ్మ, ఓడ కూత వినపడగానే, తనంతట తనే నెమ్మదిగా వేళ్ళు విప్పింది.

సీతారత్నం ఊపిరి వదిలింది. నేనూ వదిలాను.

ఇప్పుడు ట్రంకుపెట్టెలో, రాజుగారి కిరీటం పక్కన ఉంటున్నాను. నా మీద గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంది: 'థమేన్. ముడెయ్యకూడదు.' ఎవరి నడుమునీ బిగించక్కర్లేకుండా, హాయిగా ఉన్న ఆడదాన్ని నేను.