నల్లగా కనపడాలట

మా చెల్లి తయారుచేసే పొర టీ రంగులో ఉంటుంది. బ్యాటరీలో రెండు పలకల మధ్య పెట్టే జెల్ పొర అది. దానిలోంచి లిథియం అటూ ఇటూ దాటాలి గాని, కరెంటు అడ్డదారిన దూకకూడదు. గ్రాఫీన్ అనే కార్బన్ పొడి కలిపితే పొర గట్టిపడుతుంది, లిథియం చురుగ్గా కదులుతుంది. కానీ కరెంటును మోసుకుపోవడం గ్రాఫీన్ పుట్టుబుద్ధి. అందుకని ముందు దానికి ఆక్సిజన్ పట్టించి ఆ బుద్ధి మాన్పిస్తారు. అప్పుడు నలుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ పని కుదిరేదాకా చెల్లి తిండీ నిద్రా మరిచిపోయింది.

ల్యాబు కింద క్యాంటీన్ నాది. ఆ ఉదయం డబ్బు పెట్టే కంపెనీవాళ్ళు వచ్చారు. వాళ్ళు ఔనంటేనే చెల్లి పని సాగుతుంది, కాదంటే మూతే. నేను టీలు పట్టుకుని వెళ్ళేసరికి బల్లమీద బ్యాటరీ వేడెక్కి అప్పడంలా ఉబ్బి ఉంది. చెల్లి వాడే గ్రాఫీనే చెడ్డదని, ఆ దారి మానేస్తున్నామని ల్యాబు పెద్దసారు వాళ్ళకు చెబుతున్నారు. చెల్లి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

ఆమె బ్యాటరీ వైపు చూడటం లేదు. పక్క పళ్ళెంలో మిగిలిన పొర ముక్కను చూస్తోంది. అది బొగ్గులా ఉంది. ఎవరు కలిపారని మిక్సింగు చూసే ఆయన్ని అడిగింది. నిన్న ఆమె సెలవులో ఉండగా సారే చెప్పారని ఆయన గొణిగాడు. ఈ టీ రంగు చూసి గ్రాఫీన్ ఉందని ఎవరు నమ్ముతారు, నల్లగా కనపడాలి అన్నారట. అంతే, ఆక్సిజన్ పట్టించని నల్లపొడి పడింది.

కరెంటు దాటితే కూసే మీటరు తెచ్చింది చెల్లి. తన పాత ముక్క మీద దాని రెండు ముళ్ళూ ఆనించింది. చప్పుడు లేదు. నల్ల ముక్క మీద ఆనించగానే మీటరు కీచుమంది.

పెద్దసారు నవ్వారు. "మా అమ్మాయికి ముక్కుమీదే కోపం. ఈ నలుపు గోల కూడా తనదే."

"అబద్ధం సార్. నలుపు కావాలన్నది మీరు," అంది చెల్లి.

శాంతంగా ఉండు, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఎప్పట్లాగే దానికి చెప్పబోయి, టీ గ్లాసులు సర్దుకున్నాను. కంపెనీ నుంచి వచ్చినావిడ సంచీ కింద పెట్టి, టీ రంగు పొరతో కొత్త బ్యాటరీ కట్టమంది. ఈ రోజు కుదరదన్నారు పెద్దసారు. అయ్యేదాకా కూర్చుంటానంది ఆవిడ.

గాలి చొరని గాజుపెట్టెకున్న తొడుగుల్లో చేతులు పెట్టి చెల్లి పొరను పైకెత్తింది. చేతులు వణికితే పొర ముడతపడుతుంది. దాని కోపం తగ్గించమని దేవుణ్ణి అడగలేకపోయాను. చేతులు మాత్రం నిలకడగా ఉంచమన్నాను.

సాయంత్రానికి ఆ బ్యాటరీ ఉబ్బకుండా, చల్లగా, పనిచేస్తూనే ఉంది. కంపెనీవాళ్ళు ఔనన్నారు. పెద్దసారు అంతస్తు అంతా తిరిగి, మన పొర గెలిచిందని స్వయంగా చెప్పి వచ్చారు.

చెల్లి క్యాంటీన్‌లో కూలబడింది.

"అన్నయ్యా, ఇప్పుడు కూడా శాంతం అంటావా?"

"అనను," అని టీ గ్లాసు దాని ముందు పెట్టాను.