గోడ మీద ఏడుగురు

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆవిడను అందరూ ఫిల్మక్క అనేవారు. కంప్యూటర్లు వచ్చాక పాత ఫిల్ములు ఎవరికీ అక్కర్లేకపోయాయి. పారేయబోతుంటే అడిగి, సంచుల నిండా ఇంటికి తెచ్చుకుంది. ఫిల్ములో బ్లేడుతో బొమ్మ ఆకారంలో కంత కోసి, గోడకు ఆనించి, మీద రంగు చల్లితే బొమ్మ అచ్చుగుద్దినట్టు దిగేది. ఆ ఊరి గోడల మీద అంతకుముందు అలా బొమ్మలు వేసినవాళ్లు లేరు. పిచ్చుకలు వేసింది, గొడుగులు వేసింది. ఈ వయసులో ఇదేం పిచ్చి అని వీధిలో నవ్వుకున్నారు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. ఆవిడవి మోకాళ్ల నొప్పులు. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వచ్చేది. తిరిగి వెళ్లేటప్పుడు బస్సు ఆగేది కాదు. ఆవిడా, తోడుగా వచ్చే పక్కింటి ముసలావిడా చెయ్యెత్తితే డ్రైవర్లు చూసీచూడనట్టు పోయేవారు. ఒకరోజు గంటన్నర నిలబడి, కాళ్లు వాచి ఇల్లు చేరింది.

"పదిమంది ఉంటే ఆపుతాడే అమ్మాయ్. ఇద్దరమే కదా, వాడి కంటికి ఆనం," అంది.

ఫిల్మక్కకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు ఎండపొడ పడుతున్న గోడ దగ్గర అత్తగారిని నిలబెట్టి, నీడ చుట్టూ గీత గీసింది.

"నా ముక్కు ఇంత పొడుగా?"

"నీడ పొడుగత్తయ్యా. కదలకండి."

ఫిల్ములు ఒకదానికొకటి అతికించి, మనిషెత్తు బొమ్మలు ఏడు కోసింది. కర్రతో ఒకావిడ, కట్టు కట్టుకున్న చేత్తో ఒకాయన, చంటిబిడ్డ తల్లి. ఆదివారం పొద్దున్నే బస్టాపు వెనక ఆసుపత్రి గోడమీద రంగు చల్లి వాళ్లను వరసగా నిలబెట్టింది. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు.

సోమవారం బస్సు కీచుమంటూ ఆగింది. "ఎక్కరేంటమ్మా?" అని డ్రైవరు గోడనే అడిగాడు. అసలు మనుషులిద్దరూ నవ్వుకుంటూ ఎక్కి కూర్చున్నారు. దూరం నుంచి తేడా తెలియక, ఆ వారమంతా బస్సులు ఆగుతూనే ఉన్నాయి.

ఆపైన డిపో ఆఫీసరు వచ్చాడు. "డ్రైవర్లను మోసం చేశారు. సున్నం కొట్టించండి," అన్నాడు.

"నేనే కొడతాను సార్. ముందు బస్సు ఆపిస్తానని మాటివ్వండి," అంది ఫిల్మక్క.

అప్పుడే బస్సు ఆపి దిగిన సోమవారం నాటి డ్రైవరు తల వంచుకుని అన్నాడు: "బొమ్మలకి ఆపాను సార్. మనుషులకి ఆపలేదు. రాసుకోండి, తప్పు నాది."

ఆఫీసరు గోడ దగ్గరికి నడిచాడు. కర్ర పట్టుకున్న బొమ్మ ముందు కాసేపు నిలబడి, సున్నం మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు. పదిరోజుల్లో అక్కడ బల్ల వేశారు, ప్రతి బస్సూ ఆగాలని బోర్డు పెట్టారు.

బొమ్మల సంగతి పేపర్లో పడ్డాక నేర్పమని ఆమెను వెతుక్కుంటూ జనం వచ్చారు. ఒక దర్జీ, ఇద్దరు నర్సులు, రిటైరైన పోస్ట్‌మాన్. మేడమీద చాప పరిచి వాళ్ల చేతికి బ్లేడ్లు ఇచ్చింది. పోస్ట్‌మాన్ కన్ను చుట్టూ పూర్తిగా కోసేయడంతో కనుపాప ఊడి కిందపడింది.

"చెడగొట్టానమ్మా," అన్నాడాయన.

"ముందు నేనూ ఎన్ని కళ్లు పోగొట్టానో. ఇక్కడ సన్నటి వంతెనలా కాస్త కోయకుండా వదలాలి బాబాయ్, అదే పట్టుకుంటుంది," అంటూ ఆమె ఇంకో ఫిల్ము అందించింది.