సోడా డబ్బాలో చెంచా

సంక్రాంతి వెళ్ళిన వారానికి బాగేపల్లిలో ఏ ఇంట్లో చూసినా చక్కెర అచ్చులు మిగిలి ఉంటాయి. నువ్వులూ బెల్లంతో పాటు ఇంటింటికీ పంచిన, చక్కెర పాకం పోసి తీసిన చిలకలు, ఏనుగులు, తులసికోటలు. ఇచ్చినన్ని తిరిగి వస్తాయి కనుక ఎవరింట్లోనూ తరగవు. పిల్లలు రెండు రోజులు చప్పరించి వదిలేస్తే తక్కినవి చీమల పాలు. యశోదమ్మ మాత్రం వాటిని రోట్లో పలుకులుగా దంచి, వెన్నా మైదా కలిపి, పాత కుక్కరు అడుగున ఉప్పు పరిచి బిస్కత్తులు కాల్చేది.

కోవిడ్ ఆమెను తీసుకుపోయింది. మునికృష్ణప్పను వదిలిపెట్టింది గానీ, అతని నాలుకకు రుచి, ముక్కుకు వాసన తిరిగి ఇవ్వలేదు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. అప్పటినుంచి ఏటా పండుగ కాగానే భార్య బిస్కత్తులు తనే చేసేవాడు. రుచి తనకు తెలియదు గనుక స్నేహితుడు ఆదెప్ప నాలుకను నమ్ముకున్నాడు. యశోదమ్మ చేతి బిస్కత్తులు ఏళ్ళ తరబడి తిన్న నాలుక అది.

"అచ్చం మా చెల్లెలు చేసినట్లే ఉండాయి మేష్ట్రే," అనేవాడు ఆదెప్ప, ఒకటి తినేసి. ఆ వెంటనే మంచినీళ్ళు అడిగేవాడు.

ఈ ఏడు చిక్కబళ్ళాపురం నుంచి మనవరాలు భాను వీడియోలో పిలిచి నేర్పమంది. మునికృష్ణప్ప ఫోను డబ్బాకు ఆనించి పెట్టి, ఒక్కొక్కటే చూపించాడు. వంట సోడా డబ్బాలో యశోదమ్మ వదిలిన చెంచా అట్లాగే ఉంది. నిండుగా తీసి పిండిలో వేశాడు. "మీ అవ్వ కొలత ఇదేనమ్మా. ఈ రుచి మర్చిపోవద్దు," అన్నాడు. భాను పక్కనే అతని కూతురు, భాను తల్లి నేత్ర కనిపించింది. చెంచాను చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

ఆ బిస్కత్తులు డబ్బాలో ఇచ్చి వస్తూ ఆదెప్ప ఇంట్లో మరచిపోయిన కళ్ళద్దాల కోసం మర్నాడు వెళ్ళాడు. ఆదెప్ప బజారుకు పోయాడు. పెరట్లో అతని భార్య తిమ్మక్క ఆవు ముందు నిలబడి ఉంది. ఆమె చేతిలో మునికృష్ణప్ప ఇచ్చిన డబ్బా.

"రాన్నా. మీ బిస్కత్తులంటే దీనికి ప్రాణం. డబ్బా చప్పుడైతే చాలు, తల ఎత్తుతాది."

"ఆవుకు పెడతాండావా?"

"ఇంకెవరు తింటారన్నా? మా ఆయనైతే నోట్లో పెట్టుకోడు. సోడా కంపు, సబ్బు నమిలినట్లుండాది అంటాడు. మీ ఇంట్లో ఒకటి తినొచ్చిన దినం ఇంటికొచ్చి రెండు సార్లు పుక్కిలిస్తాడు." అన్నాక అతని ముఖం చూసింది. "ఏమన్నా, మీకు తెలీదా?"

ఆవు అతని చేతిని కూడా నాకింది, ఇంకేమైనా ఉందేమోనని. గరుకైన, వెచ్చని నాలుక. ఆ ఇంట్లో అబద్ధం చెప్పని నాలుకలు రెండు ఉన్నాయని అతనికి అనిపించింది.

కళ్ళద్దాలు తీసుకోకుండానే ఇంటికి వచ్చి నేత్రకు ఫోన్ చేశాడు.

"నా బిస్కత్తులు బాగుండవని నీకు తెలుసా?"

"తెలుసు నాయనా. మొదటి ఏడాది నుంచే. అమ్మ పోయినంక మీరు నవ్వింది ఆ వంటింట్లోనే. ఏమీ అనొద్దని ఆదెప్ప మామకు నేనే చెప్పినా."

"నన్ను మోసం చేసినారు, సరే. నిన్న ఆ బిడ్డకు అదే మీ అవ్వ రుచి అని చెప్తాంటే, పక్కన నిలబడుకోని ఊరకే ఉన్నావే."

నేత్ర ఏడుస్తోందని తెలిసింది. ఇంకెప్పుడైనా అయితే ఓదార్చేవాడు.

"అమ్మ ఆ చెంచా తోకతో తీసేది నాయనా," అంది చివరికి. "కొసన ఎంత నిలిస్తే అంత."

"ఆ మాట భానుకు నువ్వే చెప్పు," అని పెట్టేశాడు.

మిగిలిన ఏనుగులను, చిలకలను మళ్ళీ రోట్లో వేశాడు. చెంచాను తిరగేసి, కొసన నిలిచినంత సోడా తీశాడు. ఈ కొలత తేడా ఇన్నేళ్ళు తనకు యశోదమ్మను దక్కనివ్వలేదు. కాదు, ఆ ఒక్క మాట చెప్పని మనుషులు దక్కనివ్వలేదు. బిస్కత్తులు పైకి నిన్నటివాటి లాగే కాలాయి. కొరికితే నోట్లో పలుకులు తగిలాయి, అంతే.

సాయంత్రం డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి ఆదెప్ప అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. మునికృష్ణప్ప అతన్ని దాటి లోపలికి పోయాడు.

"తిమ్మక్కా, రుచి చూసి చెప్పమ్మా. ఉండేది ఉన్నట్లు చెప్పు."

ఆమె కొరికింది. నిదానంగా నమిలింది. "సోడా కంపు పోయిందన్నా. కానీ యశోదక్క చేసింది ఇది కాదు. ఆయమ్మది నోట్లో పెట్టుకుంటే కరిగేది. వెన్న చాల్లేదేమో." అట్లా అంటూనే చేతిలోని సగం కూడా తినేసి, చీర మీద రాలిన పొడిని వేలితో అద్దుకుని నోట్లో వేసుకుంది. నీళ్ళు అడగలేదు.

"రేపు వెన్న ఎక్కువేసి తెస్తా," అన్నాడు.

ఆదెప్ప గుమ్మం దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "నాకొకటి ఇయ్యి మేష్ట్రే. ఈసారి నిజం చెప్తా."

మునికృష్ణప్ప ఆ చేతి వంక చూశాడు. యశోదమ్మ పాడె మోసిన చెయ్యి అది. డబ్బా మూత పెట్టి చంకలో పెట్టుకున్నాడు.

"నా కళ్ళద్దాలు లోపలి గదిలో ఉండాయి," అన్నాడు. "తెచ్చియ్యి."